పట్టణం నడుమ పాత లోగిలి

రాజమహేంద్రవరంలో గాని, భీమవరంలో గాని, అమలాపురంలో గాని పాత వీధుల వెంట నడిచేవారికి ఒక దృశ్యం అప్పుడప్పుడు ఎదురవుతుంది. ఇరువైపులా నాలుగైదు అంతస్తుల భవనాలు. వాటి నడుమ, రోడ్డు మట్టానికి జానెడు పల్లంలో, ముందు రెండు అరుగులతో, క్రిందికి వాలిన చూరుతో ఒక పెంకుటిల్లు. ఆ ఇంటి గడప ఒకప్పుడు వీధికంటె ఎత్తుగానే ఉండేది. ఏటేటా రోడ్డు మీద కంకర, కంకర మీద తారు, తారు మీద సిమెంటు పడుతూ వీధి పైకి లేచినది, ఇల్లు ఉన్నచోటనే ఉండిపోయినది. ఆ ఇల్లు కట్టిననాడు దాని పెరడు దాటితే వరిచేను. నేడు పెరటి గోడను ఆనుకొని పొరుగువారి కారు నిలుపుకొనే చోటు. ఇల్లు పట్టణానికి రాలేదు. పట్టణమే నడచి దాని దగ్గరకు వచ్చినది.

ఇటువంటి ఇల్లు ఎట్లా పుట్టినది, ఏ పనికై పుట్టినది, ఎందుకు మాయమవుతున్నది, మాయం కాకుండా నిలిచిన చోట ఎవరు నిలిపినారు అన్న సంగతులను మన కళాశాల విద్యార్థుల ముందు ఉంచవలెనని ఈ వ్యాసకర్త సంకల్పం. కోటలకు, మసీదులకు, ఆలయాలకు చరిత్ర వ్రాసేవారు ఉన్నారు. రాజమహేంద్రవరంలోని పెద్ద మసీదు 1324 నాటిదని దాని శాసనమే చెబుతున్నది. దానిని చదివిన పండితులున్నారు. రైతు ఇంటికి శాసనం ఉండదు. దాని చరిత్రను దూలాలలోను, గడపలలోను, ముసలివారి నోటి మాటలలోను వెదకుకోవలసినదే.

మొదట ఒక అపోహను తొలగించుకోవలె. గోదావరి మండలంలో పెంకుటిళ్ళు అనాదిగా ఉన్నవని చాలామంది భావిస్తారు. పందొమ్మిదో శతాబ్ది పూర్వార్ధంలో ఈ సీమ నేటివలె పచ్చని సీమ కాదు. 1832-33లో వచ్చిన కరువును నందన కరువని పెద్దలు చెప్పుకొనేవారు. 1839లో కోరంగి తీరాన్ని పెనుతుఫాను ముంచెత్తినది. నది నిండుగా పారుతున్నా, ఆ నీరు సముద్రం పాలు కావడమే గాని చేనికి ఎక్కే మార్గం లేదు. ఆ దినాలలో సామాన్యుని ఇల్లు మట్టిగోడ, తాటాకు కప్పు. తాటిచెట్టు ఇక్కడి పేదవానికి దూలమూ ఇచ్చినది, కప్పూ ఇచ్చినది.

ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో పూర్తయినది. ఆర్థర్ కాటన్ పేరు దానితో ముడిపడి ఉన్నది గనుక ఆ కథ మనకు పాఠ్యపుస్తకాలలోనే దొరుకుతుంది. దానిని మరల చెప్పను. మన వ్యాసానికి కావలసినది ఆ కాలువల ఫలితం. కాలువ చేనికి నీరు తెచ్చినది. అదే కాలువ పడవలకు త్రోవ అయినది. ధాన్యం కాలువల మీదుగా కాకినాడ రేవుకు పోయినది, రొక్కం తిరిగి వచ్చినది. ఆ రొక్కం రెండు తరాల తరువాత ఇళ్ళ రూపంలో కనిపించినది. కలప కూడ నీటి మీదనే వచ్చినది. మన్యపు అడవుల టేకు దుంగలను తెప్పలుగా కట్టి గోదావరిలో విడిస్తే అవి రాజమహేంద్రవరం రేవుకు చేరేవి. బర్మా టేకు ఓడలలో సముద్రం దాటి వచ్చేది. నేడు మన కంటికి కనబడే మండువా లోగిళ్ళలో అధికభాగం పందొమ్మిదో శతాబ్ది చివరినుండి ఇరవయ్యో శతాబ్ది నడిమివరకు, ఆ సంపద పుణ్యమున లేచినవే. కనుక అవి మనం అనుకొన్నంత పురాతనాలు కావు. వాటి ఆయుర్దాయం కూడ అంత తక్కువే అయినది.

ఇక ఆ ఇంటి లోపలికి పోదాం.

వీధి ప్రక్క రెండు అరుగులు. అవి ఇంటివారివే అయినా వీధికి చెందినవి. బాటసారి కూర్చుంటాడు, వర్తకుడు మూట దింపుకొంటాడు, ఊరి తగవు అక్కడే తీరుతుంది. అరుగు దాటితే వీధి వసారా, దాని వెనుక సావిడి. అతిథి సాధారణంగా సావిడి దాటి లోపలికి రాడు. సావిడి దాటినంతనే ఆకాశం కనబడుతుంది. అదే మండువా. ఇంటి నట్టనడుమ చతురస్రంగా విడిచిన ఖాళీ. దాని చుట్టూ నాలుగు వైపులా స్తంభాల మీద నిలిచిన వసారాలు. నాలుగు కప్పులూ లోపలికి వాలి తమ వాననీటిని ఆ ఖాళీలోనే పోస్తాయి. నేల నాలుగు అంగుళాలో, జానెడో పల్లంగా ఉంటుంది. మూలన ఒక తూము; దానిగుండా నీరు ఇంటి క్రిందుగా పెరటిలోకి పోతుంది. వాన కురిసిన వేళ చూరు క్రింద గంగాళాలు పెట్టి నీరు పట్టుకొనేవారు. తూము పూడిపోతే ఇల్లంతా చెరువే. అందుచేత ఆషాఢం రాకముందే తూము శుభ్రం చేయించడం ఇంటి యజమాని మరువరాని పని.

మండువా కేవలం అందానికి పెట్టినది కాదు. డెల్టా ఎండలో బాధ అంతా ఉక్కపోత. ఇక్కడ గాలి కదలకపోతే నీడ ఉండికూడ ప్రయోజనం లేదు. వీధి గుమ్మం, సావిడి గుమ్మం, మండువా, వంటింటి వసారా, పెరటి గుమ్మం, ఇవన్నీ ఒకే వరుసలో ఉండడం మీరు గమనించి ఉంటారు. వీధిలో నిలబడితే పెరటిలోని నుయ్యి కనబడుతుంది. వేడెక్కిన గాలి మండువా మీదుగా పైకి పోతే, ఆ వెలితిని పూరించడానికి వీధినుండి, పెరటినుండి చల్లని గాలి లోపలికి వస్తుంది. మందపు గోడలు పగటి వేడిని తమలో దాచుకొని, నెమ్మదిగా రాత్రికి విడుస్తాయి. ఆ వేళకు ఇంటివారు మండువాలో మంచాలు వాల్చుకొని ఉంటారు. ఈ శాస్త్రాన్ని మేస్త్రీలు గ్రంథాలలో చదివినవారు కారు. తండ్రి కట్టిన ఇంట్లో పడుకొని నేర్చుకొన్నవారు.

ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులకు ఈ వర్ణన కొత్తగా తోచదు. హవేలీలో సహన్ అన్నది మన మండువాయే, దాలాన్ అన్నది మన వసారాయే. మగవారు కూర్చొనే దివాన్‌ఖానాకు మన సావిడి, లోపలి జనానాకు మన పడమటిల్లు, వంటిల్లు సరిపోతాయి. వేసవి ఒకటే అయినప్పుడు ఇల్లు కూడ ఒకే విధంగా ఆలోచిస్తుంది. భేదం ఒక్కటి చెప్పదగినది ఉన్నది. హవేలీ చాలచోట్ల పాలకుల, ఉద్యోగుల నివాసం. మన లోగిలి ప్రధానంగా రైతు కార్ఖానా.

కార్ఖానా అన్న మాటను తేలికగా వాడలేదు. పడమటింట ధాన్యం, అటక మీద విత్తనాలు, పెరటి వసారాలో రోలు, తిరగలి, దంపుళ్ళ చోటు. పెరడు దాటితే పశువుల పాక, గడ్డిమేటు, పెంటకుప్ప, గడ్డి వెంట్లతో చుట్టి కట్టిన ధాన్యపు పురి. కోతలైన తరువాత ఆ పురి ఎంత ఎత్తున లేచినదో చూచి ఊరివారు ఆ ఇంటి ఏడాది బ్రదుకును అంచనా కట్టేవారు. పాడి, పంట, ఎరువు, వంటచెరకు అన్నీ ఆ ప్రహరీ లోపలనే తిరిగేవి. వంటింటి బూడిద పెంటకుప్పకు, పెంటకుప్ప చేనికి, చేను పురికి, పురి రోటికి, రోలు వంటింటికి.

ఈ కార్ఖానాను ఎవరు నడిపినారో కూడ చెప్పకపోతే వ్యాసం అసత్యమవుతుంది. తెల్లవారుజామున రోకటి పోటు వేసినది స్త్రీలు. పాకలో పేడ ఎత్తినది పాలేరు. ఆ పాలేరులో అధికులు ఊరి చివర వాడలనుండి వచ్చినవారు. పెరటి దారినే వచ్చి, పెరటి దారినే పోయినవారు. కొన్ని ఇళ్ళలో మండువా స్తంభాలను తాకే హక్కు వారికి లేదు. లోగిలి చల్లదనాన్ని మెచ్చుకొనే మనం, ఆ చల్లదనం ఎవరి వరకు వచ్చి ఆగిపోయినదో గూడ చూడవలె. అరుగు అందరిది అన్నమాట కూడ పూర్తిగా నిజం కాదు. కూర్చొనగలిగిన అందరిదీ మాత్రమే.

అటువంటి ఇళ్ళు ఎందుకు పడిపోతున్నవి? ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు, ఇప్పటివారికి పాతవి గిట్టవని. అది చాలవరకు పైపై మాట. కారణాలు ఇంటికి వెలుపల ఉన్నవి. బియ్యం మర వచ్చిన తరువాత దంపుళ్ళ వసారాకు పని లేదు. ట్రాక్టరు వచ్చిన తరువాత పశువుల పాక ఖాళీ. ధాన్యం కళ్ళంలోనే అమ్ముడుపోతే పురి కట్టనక్కరలేదు, పడమటిల్లు వట్టి చీకటిగది. 1973 నాటి భూగరిష్ఠ పరిమితి చట్టం తరువాత పెద్ద కమతాలు కాగితాల మీదనైనా చీలినవి. ఏ పనికై ఇల్లు పుట్టినదో ఆ పని తప్పుకొన్నది.

రెండవది వాటాల చిక్కు. నలుగురు అన్నదమ్ములున్న ఇంట పొలాన్ని నాలుగుగా కొలిచి పంచవచ్చును. మండువాను పంచలేము. నడుమ గోడ లేపితే గాలి ఆగిపోతుంది, తూము ఒకరి వాటాలో, చూరునీరు మరొకరి వాటాలో పడుతుంది. 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, కుమార్తెలకు కూడ పిత్రార్జితంలో సమాన హక్కు కల్పించినది. అది ఎంతో న్యాయమైన సవరణ. దేశానికంతటికీ అటువంటిది 2005లో గాని రాలేదు. కాని ఇంటి దృష్టితో చూస్తే వాటాదారుల సంఖ్య పెరిగినది, వారు నాలుగు నగరాలలో నివసిస్తున్నవారు, ఇంట ఉన్నది ఒక వృద్ధురాలు. ఆమె కాలం చేసిన ఏడాది తిరగకముందే ఇల్లు అమ్మకానికి వస్తుంది. ఇందులో ఎవరినీ దూషించవలసినది లేదు.

మూడవది నీరు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మరచినవారు లేరు. ధవళేశ్వరం వద్ద ముప్పైఐదు లక్షల క్యూసెక్కులు దాటినది. మట్టిగోడ ఎండకు రాయివలె నిలుస్తుంది గాని, మూడు దినాలు నీటిలో నానితే ఉప్పువలె కరుగుతుంది. 1996 నవంబరు తుఫాను కోనసీమలో పెంకులను ఆకులవలె ఎగురగొట్టినది. ఇటువంటి రాత్రులు గడపినవాడు కాంక్రీటు కప్పు కోరితే అతనిని తప్పుపట్టడానికి మనమెవరము? ఎండాకాలం దాని క్రింద కాగిపోతాడు, నిజమే. తుఫాను రాత్రి నిద్రపోతాడు.

నాలుగవది, బహుశా అన్నిటికంటె బలమైనది: ఇంటికంటె దాని క్రింది నేల ఖరీదు, దాని మీది కలప ఖరీదు ఎక్కువ. పాత కలప అమ్మే ఒక అడితీకి ఈ వ్యాసకర్త ఒకమారు పోయినాడు. షెడ్డులో ఒక లోగిలి మొత్తం పడుకొని ఉన్నది. ఎనిమిది స్తంభాలు, వాటి మీద సుద్దతో ఒకటినుండి ఎనిమిది వరకు అంకెలు. ద్వారబంధం, దాని గడప మీద ఇంకా పసుపు చారలు. దూలాలకు వ్రేలాడిన ఉయ్యాలబల్ల గొలుసు. అవి ఎక్కడికి పోతాయని అడిగితే, ఏదో విహారగృహం వారు కొన్నారని చెప్పినారు. అక్కడ ఆ స్తంభాలు మళ్ళీ నిలబడతాయి, కప్పును మోయకుండా. ఆ ఇంటిది ఏ ఊరో అడితీవానికి గుర్తులేదు. అది మాత్రం ఈ వ్యాసకర్తను చాల దినాలు బాధించినది.

అయితే మన పట్టణాలలో పాత ఇల్లు నిలిచిన సందర్భమే లేదా అంటే ఉన్నది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు ప్రభుత్వ సంరక్షణలో స్మారక ప్రదర్శనశాలగా నిలిచియున్నది. 1848 ఏప్రిల్ 16న పంతులుగారు జన్మించినది రాజమహేంద్రవరంలోనే. నాలుగేళ్ళ వయస్సులోనే తండ్రిని పోగొట్టుకొని, పెదతండ్రి నీడన పెరిగినారు. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహానికి ఆ ఇల్లే వేదిక. ఆ రాత్రి సంగతులు తలచుకొంటే, ఇల్లు అన్నది చరిత్రలో ఎట్టి సాక్షియో తెలుస్తుంది. ఊరు వెలివేయడంతో వంటవారు రాలేదు, నీళ్ళు మోసేవారు రాలేదు. పంతులుగారి సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరి నీరు మోసి తెచ్చి వంట చేసినారు. కళాశాల విద్యార్థులు కొందరు ఇంటికి కావలి కాసినారు. పెళ్ళి వేదిక మీది మంత్రాల మాట అందరూ చెబుతారు. ఆమె ఆ నీటి బిందెతో ఏ గుమ్మం దాటి వచ్చినదో ఆ గుమ్మం ఉన్నందువలననే ఆ బరువు మనకు తెలియవచ్చినది.

పంతులుగారికి ఇళ్ళను చూచే కన్ను కూడ ఉన్నది. 1878లో ఆరంభమైన ఆయన రాజశేఖర చరిత్రము ధవళేశ్వరంలో మొదలవుతుంది. కథానాయకుని గృహాన్ని వర్ణించి గాని ఆయన కథను ముందుకు నడపలేదు. నూటనలభై ఏళ్ళ క్రిందటి గోదావరి తీరపు సంపన్న గృహం ఎట్లుండెనో తెలుసుకొనగోరేవారు ఆ మొదటి పుటలు చదువవచ్చును. వృద్ధాప్యంలో తన ఆస్తినంతటినీ 1906లో స్థాపించిన హితకారిణీ సమాజానికి ధారపోసినారు. 1919 మే 27న ఆయన చెన్నపట్టణంలో, కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇంట కన్నుమూసినారు.

ఇందులో ఒక సంగతి గమనింపదగినది. ఆ ఇల్లు నిలిచినది ఇంటి గొప్పతనం వలన కాదు, ఇంటివారి గొప్పతనం వలన. పంతులుగారు పుట్టకపోయి ఉంటే ఆ ఇంటిచోట ఈపాటికి ఒక దుకాణాల సముదాయం లేచి ఉండేది. మన దేశంలో ఇళ్ళను కాపాడే పద్ధతి సామాన్యంగా ఇదే. 1960 నాటి మన రాష్ట్ర పురావస్తు సంరక్షణ చట్టం ప్రాచీన కట్టడాలను రక్షిస్తుంది. పేరులేని రైతు ఇల్లు ఆ చట్టం కంటికి ఆనదు.

పేరులేని రైతు ఇంటిని నడి నగరంలో నిలుపుకొన్నవారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, అదీ ప్రపంచంలో నేల ఖరీదు అత్యధికమైన నగరాలలో ఒకదానిలో. న్యూయార్కు నగరంలోని మన్‌హాటన్ దీవి ఉత్తరపు కొసన, బ్రాడ్‌వే వీధి, 204వ వీధి కలిసే మూలన డిక్‌మన్ వారి వ్యవసాయ గృహం ఉన్నది. ఆకాశహర్మ్యాల నగరమని మనం సినిమాలలో చూచే మన్‌హాటన్‌లో మిగిలిన ఆ కాలపు రైతు ఇల్లు అదొక్కటే.

డిక్‌మన్ వంశీకులు పదిహేడో శతాబ్దిలో ఐరోపానుండి వచ్చి అక్కడ భూమి సంపాదించినారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో 1776నుండి 1783 వరకు బ్రిటిషు సేన ఆ ప్రాంతాన్ని ఆక్రమించియున్నది. కుటుంబం ఇల్లు విడిచిపోయినది. యుద్ధం ముగిసి తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు, పండ్లతోటలు లేవు. విలియం డిక్‌మన్ 1784 ప్రాంతంలో రాజమార్గం ప్రక్కకు వచ్చి కొత్త ఇల్లు కట్టుకొన్నాడు. అడుగున పొలంలో ఏరిన రాయి, ముందువైపు ఇటుక, ప్రక్కల తెల్లని చెక్క పలకలు, రెండు మడతలుగా వంగి ముందుకు చాచిన కప్పు, ఆ కప్పు నీడన పొడవాటి వసారా. మన వీధి వసారాకు దూరపు చుట్టమనిపిస్తుంది. చుట్టూ సుమారు రెండువందల యాభై ఎకరాల కమతం. విలియం మూడేళ్ళకే చనిపోయినాడు. కుమారుడు, తరువాత మనుమలు సేద్యం సాగించినారు.

పందొమ్మిదో శతాబ్ది రెండవ భాగంలో వారి కథ మన కథే. మనుమలు వేరొక ఇంటికి పోయినారు, భూమి ముక్కలై అమ్ముడైనది, పాత ఇల్లు పరాయివారి చేతులలో పడి, అద్దెలకు పోయి శిథిలమైనది. 1906లో భూగర్భ రైలు ఆ పేటకు చేరినది. రైలు వెనుకనే అద్దె భవనాలు వచ్చినవి. ఇల్లు ఉన్నచోట మరొక భవనం లేవడం నేడో రేపో అన్న స్థితి ఏర్పడినది.

అప్పుడు ఆ వంశపు అక్కచెల్లెళ్ళు ఇద్దరు, మేరీ ఆలిస్ డిక్‌మన్ డీన్, ఫానీ ఫ్రెడరికా డిక్‌మన్ వెల్చ్, 1915లో ఆ ఇంటిని తిరిగి కొన్నారు. పుట్టింటిని కొనుక్కొని దాచుకొందామని కాదు. ఒకరి భర్త మ్యూజియం పండితుడు, మరొకరి భర్త వాస్తుశిల్పి. నలుగురూ కలిసి మరమ్మతు చేయించి, పాత సామాను చేర్చి, 1916లో నగరానికి దానంగా ఇచ్చినారు. నాటినుండి అది ప్రదర్శనశాల. 1967లో దానిని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించినారు. మన విద్యార్థినులు ఈ భాగాన్ని ప్రత్యేకంగా చదువవలెనని కోరిక. అడ్డు తగిలినది పెద్ద ధనం గాని, పెద్ద చట్టం గాని కాదు. పుట్టింటి మీద పట్టుదల గల ఇద్దరు ఆడపడుచులు.

ఇంత చెప్పి వారిని పూర్తిగా మెచ్చుకొని ఊరుకోలేను. ఆ సోదరీమణులు ఇంటిని బాగుచేసినప్పుడు, తమ పూర్వికులు ఎట్లా జీవించి ఉంటే బాగుండునో ఆ విధంగా అలంకరించినారు. మెరిసే పళ్ళెరాలు, చక్కని నీలిరంగు పింగాణీ. తోటలో యుద్ధకాలపు సైనికుల గుడిసె నమూనా ఒకటి కట్టించినారు. కాని ఆ కమతంలో బానిసలుగా పనిచేసిన నల్లజాతివారి మాట ఆ అలంకారంలో ఎక్కడా లేదు. న్యూయార్కు రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దయినది 1827లో మాత్రమే. డిక్‌మన్ వారి పొలంలో కూడ బానిసలున్నారు. ఆ నిజాన్ని ఇంటి కథలో చేర్చే పని ఇటీవలి సంవత్సరాలలో ఆ ప్రదర్శనశాలవారు చేపట్టినారు. పాత దస్తావేజులు, జనగణన పట్టికలు వెదకి, ఆ ఇంట మసలిన పేరులేని మనుష్యుల ఆనవాళ్ళు ప్రోగుచేస్తున్నారు. మొదటిసారి గోడలు కాపాడినారు; నూరేళ్ళకు గాని ఆ గోడల మధ్య ఉన్నవారందరూ లెక్కలోకి రాలేదు. మన లోగిళ్ళలో ఏదైనా ఒకటి రేపు ప్రదర్శనశాల అయితే, పెరటి గుమ్మాన వచ్చిపోయిన పాలేరు కథ మొదటిరోజుననే అందులో ఉండవలె.

మనకు ఆ పద్ధతి సాధ్యమా అని మీరు అడగవచ్చును. ప్రతి లోగిలినీ నిలపడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. పురపాలక సంఘం ఒక ఇంటిని కొని గ్రంథాలయంగా మార్చడం మాత్రం అసాధ్యం కాదు. సావిడిలో పత్రికలు, వసారాలలో బల్లలు, పడమటింట పాత పుస్తకాలు. అటువంటి చోట చదువుకోవడానికి పంకా కూడ అక్కరలేదు. ఊయలబల్ల తగిలించి, టిక్కెట్టు పెట్టి, సినిమా చిత్రీకరణకు అద్దెకిచ్చే పద్ధతి కూడ కొన్నిచోట్ల ఉన్నది. అది ఇంటిని బ్రతికిస్తుంది కనుక నిందించను. కాని ఎన్ని సినిమాలలో చూచినా, ఆ స్తంభాల నడుమ పాడిన పాట గుర్తుంటుందే గాని, తూము ఎటు పోతుందో తెలియదు.

ఇల్లు నిలబెట్టడం మన కళాశాల చేతిలో లేదు. ఇంటిని వ్రాసి పెట్టుకోవడం మాత్రం ఉన్నది. దానికి కావలసినవి ఒక కొలత టేపు, ఒక గళ్ళ కాగితాల పుస్తకం, ఒక ఫోను కెమెరా, రెండు ఆదివారాలు. ఇద్దరు విద్యార్థులు టేపు చెరొక కొస పట్టుకొంటే మండువా పొడవు, వెడల్పు, స్తంభాల ఎడం, గోడ మందం, గుమ్మాల ఎత్తు ఒక పూటలో తేలుతాయి. దూలం మీద గాని, ద్వారబంధం మీద గాని సంవత్సరం చెక్కి ఉన్నదేమో చూడవలె. లేకపోతే ఇంటి దస్తావేజులో ఉండవచ్చును. పాత దస్తావేజులలో గల ఉర్దూ, పారశీక పదాలను విడమరచి చెప్పగల విద్యార్థులు మన తరగతులలోనే ఉన్నారు, ఆ సదుపాయం అన్ని కళాశాలలకూ లేదు.

కొలతలకంటె ముందు త్వరపడవలసినది మాటల విషయంలో. గడ్డి వెంటి ఎట్లా పేనుతారు, పురి ఎట్లా చుడతారు, ఎలుక దూరకుండ అడుగున ఏమి వేస్తారు, తూము ఎన్నాళ్ళకొకమారు తీయిస్తారు, ఏ గది దాటి ఎవరు లోపలికి రాకూడదు, పురిటి మంచం ఏ మూలన వేసేవారు, ఇవి తెలిసినవారు ఎనభై దాటినవారు. ఇంటి యజమానిని ఒక్కనినే అడిగితే సగం కథ వస్తుంది. వంటింటి నాయనమ్మను, ఆ ఇంట పనిచేసి ఇప్పుడు ఊరి చివర ఉన్న తాతను గూడ అడగవలె. నానీఅమ్మ మాట దఖినీలో ఉంటే దానిని దఖినీలోనే వ్రాసుకొని, ప్రక్కన తెలుగులో అర్థం వ్రాయవచ్చును.

ఈ విధంగా ఏడాదికి రెండు ఇళ్ళ చొప్పున వ్రాసి, ప్రతి సంచికలో ఒకదాని నక్షా, వివరం ప్రకటించే ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల సంఘంవారిని ఈ వ్యాసకర్త ప్రార్థిస్తున్నాడు. మొదటి ఇంటికి కొలతలు తీసుకొనేందుకు ఇంటివారి అంగీకారం దొరికినది. వారు వచ్చే వేసవి తరువాత ఆ ఇంట ఉండమని కూడ చెప్పినారు.